బిడ్డ తరఫున ఇచ్చిన మాట

లూథరన్ ఇంటి అమ్మాయికీ బాప్టిస్టు ఇంటి అబ్బాయికీ సంబంధం కుదిరితే కోస్తా జిల్లాల్లో పెద్దలు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. రెండిళ్లలోనూ పాడేది ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే, చదివేది ఒకే బైబిలు. చిక్కు వచ్చేది మొదటి బిడ్డ పుట్టాక. అమ్మమ్మ వైపు వాళ్లు ‘బాప్తిస్మం ఎప్పుడు?’ అని అడుగుతారు. నాయనమ్మ వైపు వాళ్లు ‘చంటిబిడ్డకు బాప్తిస్మమేమిటి? ఇప్పుడు ప్రతిష్ఠ చేయిద్దాం, పెద్దయ్యాక వాడే తీసుకుంటాడు’ అంటారు. పైకి ఇది రెండు సంఘాల ఆచారాల తేడాగానే కనిపిస్తుంది. నిజానికి విశ్వాసం బిడ్డకు ఇంట్లోంచి అందేదా, బిడ్డ తానై అందుకునేదా అన్న పాత ప్రశ్న దీని అడుగున ఉంది. బిడ్డను సంఘంలో ఏమని లెక్కించాలి, ఏం నేర్పాలి, ఎంతవరకు నేర్పాలి అన్నవన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే. రెండు వైపులా భక్తి ఉంది, ఆలోచన ఉంది. అందుకే ఒక పక్షాన్ని ఆచారపరులనీ, ఇంకో పక్షాన్ని మొండివాళ్లనీ కొట్టిపారేయడం న్యాయం కాదు.

సువార్తల్లో పిల్లల మాట వచ్చే చోట్లు కొన్నే గానీ అవి బలమైనవి. బిడ్డలను తీసుకొచ్చినవాళ్లను శిష్యులు గద్దించినప్పుడు యేసు శిష్యుల మీదే కోపపడ్డాడు. బిడ్డలను ఎత్తుకుని, వాళ్ల మీద చేతులుంచి ఆశీర్వదించాడు. మార్కు సువార్త పదో అధ్యాయంలోని ఈ భాగాన్ని శిశు బాప్తిస్మం రోజునా చదువుతారు, నీళ్లు లేకుండా ప్రార్థనతో బిడ్డను దేవునికి అప్పగించే శిశు ప్రతిష్ఠ రోజునా చదువుతారు. ఆటంకపరచవద్దని ప్రభువే చెప్పాక నీళ్ల దగ్గర మనమెందుకు అడ్డుపడాలని మొదటివారి ప్రశ్న. ఆయన ఆశీర్వదించాడని ఉంది, బాప్తిస్మమిచ్చాడని లేదు కదా అని రెండోవారి జవాబు. అపొస్తలుల కార్యాలు పదహారో అధ్యాయంలో లూదియ, ఫిలిప్పీ చెరసాల నాయకుడు తమ ఇంటివారితో సహా బాప్తిస్మం పొందారు. ఆ ఇళ్లలో పాలు తాగే పిల్లలున్నారో లేదో వాక్యం చెప్పదు. చెప్పనిదాన్ని చెప్పినట్టు చదివే అలవాటు రెండు పక్షాల్లోనూ ఉంది.

సంఘ చరిత్ర కూడా ఎవరికీ పూర్తిగా వత్తాసు పలకదు. క్రీ.శ. 200 ప్రాంతంలో కార్తేజి నగరంలో క్రైస్తవ రచయిత టెర్టులియన్ చిన్నపిల్లల బాప్తిస్మానికి తొందరపడవద్దని రాశాడు. తనను తాను ఎరిగే వయసు రానివ్వండి, జామీను నిలిచేవాళ్లను చిక్కుల్లో పెట్టకండి అన్నది ఆయన వాదన. వద్దని రాయాల్సి వచ్చిందంటే అప్పటికే ఆ ఆచారం కొన్నిచోట్లైనా ఉండి ఉండాలి. సుమారు అరశతాబ్దం తర్వాత అదే నగరంలో బిషప్పుగా ఉన్న సిప్రియన్, తోటి బిషప్పులతో కలిసి, పుట్టాక ఎనిమిది రోజులైనా ఆగనక్కరలేదని తేల్చాడు.

వేదాంతి అగస్టీన్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. ఆయన తల్లి మోనికా గొప్ప ప్రార్థనాపరురాలు. అయినా కొడుక్కి పసితనంలో బాప్తిస్మం ఇప్పించలేదు. బాల్యంలో ఒకసారి జబ్బు ముదిరినప్పుడు ఇప్పించబోయి, తేరుకోగానే మళ్లీ వాయిదా వేసింది. బాప్తిస్మం తర్వాత చేసే పాపానికి దోషం ఎక్కువన్న భయం ఆ కాలంలో బలంగా ఉండేది. చివరకు 387లో, 32 ఏళ్ల వయసులో, మిలాన్‌లో బిషప్పు ఆంబ్రోస్ చేతుల మీదుగా ఆయన బాప్తిస్మం పొందాడు. ఆ వాయిదా తనకు మేలు చేసిందా అని తన ఆత్మకథలో తనే ప్రశ్నించుకున్నాడు. తర్వాతి కాలంలో శిశు బాప్తిస్మాన్ని అందరికంటే గట్టిగా సమర్థించింది కూడా ఆయనే. ఆ సమర్థనకు ఆయన వాడిన వాదం, అంటే పుట్టుకతోనే పాపం సంక్రమిస్తుందన్న బోధ, మరో గాయానికి దారితీసింది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసికందుల గతేమిటన్న దిగులు ఎన్నో తరాల తల్లులను వేధించింది. అలాంటి బిడ్డల రక్షణ విషయంలో నిరీక్షించడానికి గట్టి కారణాలున్నాయని కతోలిక సంఘపు అంతర్జాతీయ వేదాంత మండలి 2007లో ప్రకటించింది. బిడ్డను కాపాడాలన్న తపనతో పుట్టిన బోధ బిడ్డ పోయిన తల్లికి ఊరట లేకుండా చేయడం దాన్ని బోధించినవాళ్లు కోరుకున్న ఫలితం కాదు. పెద్దయ్యాకే బాప్తిస్మం అన్న ఎదుటి పక్షానికి రక్తం ధారపోసిన చరిత్ర కూడా ఉంది. 1525లో జ్యూరిక్‌లో పెద్దల బాప్తిస్మాన్ని మొదలుపెట్టినవారిలో ఒకడైన ఫెలిక్స్ మాన్జ్‌ను రెండేళ్లు తిరగకుండానే నదిలో ముంచి చంపారు. ఏ వయసులో బాప్తిస్మం ఇవ్వాలన్న తగువు మనుషుల ప్రాణాలు తీసేదాకా వెళ్లింది.

మన నేల మీదికి ఈ రెండు ధారలూ దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. 1842లో మిషనరీ హేయర్ గుంటూరు చేరాక పాతుకున్న లూథరన్ సంఘమూ, 1912లో అజరయ్య బిషప్పయ్యాక దోర్నకల్ చుట్టూ పెరిగిన ఆంగ్లికన్ సంఘమూ కుటుంబాలను కుటుంబాలుగానే చేర్చుకున్నాయి, చంటిపిల్లలతో సహా. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు మాత్రం నోటితో ఒప్పుకున్నవారికే బాప్తిస్మమిచ్చారు. 1878 జూలై 3న, కరువు కాలంలో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతమంది ఒక్కసారి వచ్చినా ఒక్కొక్కరిగానే నీళ్లలోకి దిగాలన్నది అక్కడి నియమం. అయితే మాల మాదిగ పల్లెల్లో అలాంటి నిర్ణయం ఏ ఒక్కరూ ఒంటరిగా తీసుకునేది కాదు. పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నాకే పల్లె కదిలేది. ఒక సంఘం కుటుంబాన్ని చేర్చుకున్నానంది, ఇంకో సంఘం వ్యక్తిని చేర్చుకున్నానంది. పిల్లల మట్టుకు రెండుచోట్లా దక్కింది ఒకటే: పగలు బడి, రాత్రి ప్రార్థన జరిగే తాటాకుల పాక, అందులో అక్షరం నేర్పే ఉపదేశి. ఊరిబడి అరుగు ఎక్కనివ్వని కాలంలో ఆ పాక ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

శిశు బాప్తిస్మంలోని గొప్పతనం ఆరాధనలో కళ్లారా చూస్తే తెలుస్తుంది. తెల్ల గౌను తొడిగిన బిడ్డను తల్లి చేతిలోంచి అయ్యగారు ఎడమ మోచేతి మీదికి తీసుకుంటారు. పేరు అడుగుతారు. తండ్రి గొంతు సవరించుకుని చెబుతాడు. గిన్నెలో నీళ్లు మూడుసార్లు నెత్తిన పడేసరికి బిడ్డ కెవ్వుమంటుంది. వెనక వరసల్లోని ముసలమ్మలు నవ్వుకుంటారు. బిడ్డ చేసిందేమీ లేదు, చేయగలిగిందీ లేదు. దేవుని ప్రేమ మన అర్హత కంటే ముందే వస్తుందన్న బోధను ఇంత సూటిగా చెప్పే ప్రసంగం నేనైతే వినలేదు. ఈ వాదానికి మరో బలముంది. బుద్ధి వికాసం లేని బిడ్డ, మాట రాని బిడ్డ ఎన్నేళ్లొచ్చినా సాక్ష్యం చెప్పలేకపోవచ్చు. విశ్వాసమంటే నోటితో ఒప్పుకోవడమేనంటే ఆ బిడ్డ ఎక్కడ నిలబడాలి? ఒప్పుకోలునే పట్టుబట్టే సంఘాలు ఈ ప్రశ్నకు ప్రేమతోనే జవాబు చెబుతాయి గానీ, ఆ జవాబు వాళ్ల నియమంలోంచి వచ్చేది కాదు, నియమానికిచ్చే మినహాయింపు.

అదే ఆరాధనలో తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు కొన్ని ప్రమాణాలు చేస్తారు. బిడ్డను దేవుని భయభక్తుల్లో పెంచుతామంటారు. సంఘాన్ని కూడా మాట అడిగే క్రమాలున్నాయి, అందరూ కలిసి సరేనంటారు. మధ్యాహ్నానికి ఫంక్షన్ హాల్లో బిర్యానీ, ఫొటోలు. ఆ తర్వాత జ్ఞాన తండ్రి ఎన్ని ఇళ్లలో కనిపిస్తున్నాడు? పసితనపు బాప్తిస్మాన్ని తామే ఒప్పుకునే కన్ఫర్మేషన్ క్లాసులకు వచ్చిన పదిహేనేళ్ల పిల్లలు ప్రశ్నోత్తరాలు అప్పజెప్పి, బిషప్పుగారు చేతులుంచాక మళ్లీ క్రిస్మస్‌కే కనిపించడం చాలామంది పాస్టర్లు దిగులుగా చెప్పే మాటే. 1943లో కార్ల్ బార్త్ అనే స్విస్ వేదాంతి, తనది శిశు బాప్తిస్మ సంప్రదాయమే అయినా, ఆ ఆచారాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఆయన వాదంతో పూర్తిగా ఏకీభవించకపోయినా ఒకటి ఒప్పుకోక తప్పదు. ఎవరో ఇచ్చిన మాటను ఆ తర్వాత ఎవరూ గుర్తుచేయకపోతే బిడ్డ చేతిలో మిగిలేది సర్టిఫికెట్టు ఒక్కటే.

ఆ సర్టిఫికెట్టుకు మన దేశంలో మరో బరువుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, సిక్కులు, బౌద్ధులకే షెడ్యూల్డు కులాల హోదా. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులు ఒక శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ కిందికి వస్తారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక మహిళకు ఎస్సీ ధ్రువపత్రాన్ని నిరాకరించింది. ఆమె క్రమంగా చర్చికి వెళ్తోందన్న విషయంతోపాటు, పసితనంలో జరిగిన బాప్తిస్మం నమోదు కూడా అక్కడ సాక్ష్యమైంది. ఇది బాప్తిస్మం తప్పు కాదు, మతం మారితే అంటరానితనం పోతుందనుకునే చట్టంలోని లోపం అని కొందరంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. అలాంటి లాభనష్టాలు బేరీజు వేసుకుని విశ్వాసాన్ని దాచుకోవడం మంచిది కాదని ఇంకొందరంటారు, ఆ మాటలోనూ నిజాయితీ ఉంది. కానీ మాట రాని బిడ్డ పేరును రిజిస్టరులో ఎక్కిస్తున్నప్పుడు, దాని పర్యవసానం ఆ బిడ్డే మోయాలని పాస్టరుకూ తల్లిదండ్రులకూ తెలిసి ఉండాలి. బిడ్డ తరఫున ఇచ్చే మాటలో ఇదీ ఒక భాగమే.

మరి ఆగడమే మేలా? తనంతట తాను నిర్ణయించుకుని నీళ్లలోకి దిగిన యువకుడిని, ఒడ్డున పాట ఎత్తుకున్న సంఘాన్ని చూసినవారెవరూ ఆ సంప్రదాయాన్ని తక్కువగా మాట్లాడరు. అమ్మానాన్నల విశ్వాసం మీద బతకడం కాదు, నీ విశ్వాసం నీకుండాలి అని బిడ్డకు చెప్పడం ఆ బిడ్డను గౌరవించడమే. తల్లిదండ్రులు కూడా జరిగిపోయిందిలే అని చేతులు దులుపుకోకుండా, ఇంకా జరగాల్సి ఉందన్న బాధ్యతతో పెంచుతారు. సిద్ధాంతం వరకు ఇది నిలకడైనదే.

ఆచరణలో మాత్రం ఆగడం కష్టం. మే నెలలో వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు బడి) చివరి రోజు చూడండి. పదిరోజులు పాటలు, యాక్షన్ సాంగ్స్, రస్నా, బిస్కెట్ల మధ్య గడిపిన పిల్లలను షామియానా కింద కూర్చోబెడతారు. కీబోర్డు మెల్లగా మోగుతుంటుంది. ‘అందరూ కళ్లు మూసుకోండి. ఈ రాత్రి ప్రభువు వస్తే నువ్వు ఎత్తబడతావా? యేసయ్యను హృదయంలోకి ఆహ్వానించేవాళ్లు చెయ్యెత్తండి’ అంటారు. ఎనిమిదేళ్ల పాప ఒక కన్ను తెరిచి పక్కనున్న అక్కను చూస్తుంది. అక్క ఎత్తితే తనూ ఎత్తుతుంది. కిందటేడూ ఎత్తింది, వచ్చే ఏడూ ఎత్తుతుంది. అలా ఎత్తిన చేతుల్లో జీవితాంతం నిలిచిన నిర్ణయాలూ ఉన్నాయి. తమ విశ్వాసం అక్కడే మొదలైందని చెప్పే పెద్దవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల మాటను తీసిపారేయలేం. అదే సమయంలో, ఆ రాత్రి అమ్మ పక్కన కనిపించకపోతే, తనను వదిలి ప్రభువు దగ్గరికి ఎత్తబడిందేమోనని ఏడ్చే పిల్లలూ ఉన్నారు. స్వంత నిర్ణయం కావాలని ఆగిన సంప్రదాయమే, ఆ నిర్ణయాన్ని భయపెట్టో మురిపించో తొందరగా రాబట్టుకునే స్థితికి వస్తే, శిశు బాప్తిస్మానికి తాను చూపిన అభ్యంతరం తనకే తగులుతుంది.

ఇంకో సంగతి. చాలా సంఘాల్లో గుడిలో పెళ్లి జరగాలంటే ఇద్దరికీ బాప్తిస్మం అయి ఉండాలి. నిబంధనలో తప్పేం లేదు. కానీ శుభలేఖలు అచ్చయ్యాక, పెళ్లికి వారం ముందు హడావుడిగా తొట్టిలో ముంచి లేపిన అమ్మాయిని అది ఆమె సొంత ఒప్పుకోలేనా అని అడిగే ధైర్యం ఎవరికుంది?

బాప్తిస్మం ఎప్పుడన్న తగువులో మనం మరిచిపోయేది, పుట్టుకకూ సొంత ఒప్పుకోలుకూ నడుమ బిడ్డ ఏం వింటూ పెరుగుతుందన్నది. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పనిపిల్లల కోసం ఆదివారపు బడి నడపడం మొదలుపెట్టినప్పుడు అక్కడ నేర్పింది ముందు చదవడం. మన సండే స్కూళ్లు ఇప్పటికీ ఆ పని కొంత చేస్తున్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు పుస్తకాన్ని నలుగురిలో పైకి చదివే చోటు ఇవాళ చాలా ఊళ్లలో అదొక్కటే. అమెరికాలోని తెలుగు సంఘాల్లో అయితే మరీను. కంఠత వాక్యాలు, క్విజ్ పోటీలు, బహుమతిగా స్టీలు గిన్నెలు, ఇవన్నీ చిన్నచూపు చూడదగ్గవి కావు. ఏడేళ్లప్పుడు అర్థం తెలియకుండా నేర్చుకున్న వాక్యం నలభై ఏళ్లకు ఆస్పత్రి మంచం మీద అక్కరకొచ్చిందని చెప్పేవాళ్లున్నారు.

కానీ కంఠస్థం పెరిగినంతగా ప్రశ్న పెరగలేదు. అబ్రాహాము కత్తెత్తినప్పుడు ఇస్సాకు ఏమనుకున్నాడని ఒక పిల్లవాడు అడిగితే, చాలా తరగతుల్లో వచ్చే జవాబు ‘అలా అడగకూడదు నాన్నా’. సామెతల గ్రంథంలోని బెత్తం మాట ప్రతి ఇంటికీ తెలుసు. తండ్రులు పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరో అధ్యాయంలో ఉన్న మాట అంతగా వినపడదు. విధేయత నేర్పకుండా పిల్లలను పెంచలేమన్నది నిజమే. అయితే పెద్దలేం చేసినా దేవుడి తరఫునే చేస్తారని నమ్మిన బిడ్డ, ఏ పెద్దమనిషైనా తనతో తప్పుగా ప్రవర్తిస్తే ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పలు దేశాల సంఘాలు దీన్ని చాలా ఆలస్యంగా, చాలామంది పిల్లలు చెడు అనుభవించాక నేర్చుకున్నాయి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, పాస్టరైనా సంఘ పెద్దైనా. సంఘం పరువు పేరుతో దాన్ని లోలోపలే సర్దడం చట్టానికీ విరుద్ధం, మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలోని తిరగటిరాయి హెచ్చరికకూ విరుద్ధం. ఈ ఒక్క విషయంలో నాకు రెండో పక్షం కనబడదు.

పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా మతం జోలికే పోకుండా పెంచితే సరిపోతుంది కదా అనేవారున్నారు. ఇల్లన్నాక ఏదో ఒక నమ్మకం, ఏదో ఒక మౌనం బిడ్డకు అందుతూనే ఉంటాయి, ఖాళీగా ఉండే ఇల్లు లేదు. అయినా వాళ్ల ఆందోళనలో విషయముంది. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందంలో భారతదేశం 1992లో చేరింది. దాని 14వ అధికరణం బిడ్డకు మతస్వేచ్ఛ ఉందంటూనే, బిడ్డ ఎదిగే శక్తికి తగినట్టు దారి చూపే హక్కు తల్లిదండ్రులకు ఉందంటుంది. దారి చూపడానికీ దారి మూసేయడానికీ మధ్య గీత ఏ వయసులో ఎక్కడ పడాలో ఏ చట్టమూ కొలిచి చెప్పలేదు.

1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు తెలుగు బాప్టిస్టులు అందులో చేరలేదు, లూథరన్లూ చేరలేదు. 1970లో నాగపూర్‌లో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో మాత్రం కొందరు బాప్టిస్టులు, శిశు బాప్తిస్మమిచ్చే సంఘాలవారూ ఒకే కప్పు కిందికి వచ్చారు. శిశు బాప్తిస్మం తర్వాత కన్ఫర్మేషన్, లేదా శిశు ప్రతిష్ఠ తర్వాత విశ్వాసి బాప్తిస్మం, ఏ దారినైనా తల్లిదండ్రులు ఎంచుకోవచ్చు. 1982లో లీమాలో వివిధ సంఘాల వేదాంతులు కూర్చి ఇచ్చిన పత్రం కూడా ఈ రెంటినీ ఒకే ప్రయాణపు రెండు రూపాలుగా చూడమని సూచించింది, మళ్లీ బాప్తిస్మమివ్వడం తగదని కోరింది. ఇది చిక్కులన్నీ తీర్చే ఏర్పాటు కాదు. పసితనంలో బాప్తిస్మం అయినవాడు ఇరవయ్యేళ్లకు వచ్చి ‘నాకది గుర్తే లేదు, నన్ను నీళ్లలో ముంచండి’ అని కన్నీళ్లతో అడిగితే, కాదనడమూ కష్టమే, అవుననడమూ కష్టమే. అవునంటే తల్లిదండ్రుల మాట చెల్లనట్టవుతుంది, కాదంటే అతడి మనస్సాక్షిని తోసిపుచ్చినట్టవుతుంది.

అయినా నేను మొగ్గేది రెండు దారులనూ ఒప్పుకునే ఆ ఏర్పాటు వైపే. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాలు ఏడాదికి ఇన్ని బాప్తిస్మాలని లెక్క చెప్పుకోవడం తగ్గించి, ఆ రిజిస్టరులో ప్రమాణం చేసినవారి పేర్లు కూడా రాసి, ఏడాదికొకసారైనా వాళ్లను బిడ్డతో కలిసి పిలవగలిగితే మంచిది. ఆగే సంఘాలు ప్రతిష్ఠ చేసిన బిడ్డను ఆ రోజు నుంచే తమ బిడ్డగా లెక్కించి, చెయ్యెత్తమని అడిగే వయసును పైకి జరిపితే మంచిది. పద్నాలుగేళ్ల పిల్ల ‘నాకు ఇంకా తెలియడం లేదు’ అంటే కొయిర్‌లో ఆమె చోటు, పాస్టరమ్మ పలకరింపు ఉన్నట్టే ఉండాలి. పది పల్లెలకు ఒకే పాస్టరున్న చోట ఇవన్నీ జరగవని నాకు తెలుసు. అలాంటి చోట పిల్లల భారమంతా మోసేది జీతం లేని సండే స్కూలు టీచరే. ఎక్కువమంది ఇంటర్‌తో చదువు ఆపేసిన ఆడవాళ్లు, చేతిలో ఒక పాత పాఠాల పుస్తకం. సౌండ్ సిస్టమ్‌కు చందాలు పోగయ్యే సంఘం, ఆ టీచరును ఏడాదికి వారం రోజులు శిక్షణకు పంపడానికి, ఆమెకు ఒక పిల్లల బైబిలూ ఒక నిఘంటువూ కొనివ్వడానికి కూడా కొంత పోగుచేయగలదు. మొదలుపెట్టాల్సింది అక్కడ.